దుర్గమ్మ చూసిన సగం సినిమా

యాభై ఏళ్ళు దాటేదాకా దుర్గమ్మ సినిమా చూడలేదు. చూడకూడదన్న పట్టింపేమీ లేదు, కుదరలేదంతే. నిడమనూరులో కాపురం చేసినన్నాళ్ళూ వాన కోసం మొగులు వైపు చూడటంతోనే సరిపోయింది. భర్త పోయిన కొన్నేళ్ళకు సాగర్ ఎడమ కాలువకు నీళ్ళొచ్చాయి. మిర్యాలగూడ చుట్టూ ఎటు చూసినా వరి, వరి వెంటే మిల్లులు. కొడుకు కైలాసానికి ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గర పని దొరికింది. పొయ్యిలోకి ఊక ఎగదోయడం, నీళ్ళు తగ్గకుండా చూసుకోవడం, ఆవిరి ఎక్కువా తక్కువా కాకుండా కాచుకోవడం అతని పని. మిల్లుకు రెండు వీధుల అవతల ఒక రేకుల గది కిరాయికి తీసుకుని తల్లినీ, భార్య శ్యామలనీ, పిల్లలిద్దరినీ తెచ్చుకున్నాడు.

పట్నం దుర్గమ్మకు మొదట్లో నచ్చలేదు. పొద్దస్తమానం దంచినా అలిసిపోని మనిషి ఆమె. నిడమనూరులో వడ్లు దంచాలంటే ముందు దుర్గమ్మనే పిలిచేవాళ్ళు. ఇక్కడ మిల్లు గంటలో ఆడించేసేదాన్ని ఊరంతా కలిసి దంచినా వారం పట్టేది. చేతులకు పని లేక ఆమె మనవడు సైదుల్ని ఎత్తుకుని గల్లీలో తిరిగేది. వాడికి మూడేళ్ళు. పెద్దపిల్ల ఆండాలుకు ఎనిమిది.

డెబ్బై నాలుగులో శివరాత్రి దాటిన రోజుల్లో, మిల్లు పక్క రోడ్డు మీదున్న సినిమా హాలుకు ఒక పాత జానపద సినిమా వచ్చింది. పక్క గదిలో ఉండే ఎల్లమ్మ మిల్లులో వడ్లు ఆరబోసే పనికి పోతుంది. ఆమె చూసొచ్చి, కుళాయి దగ్గర బిందె పెట్టి చెప్పింది.

"అండ్ల ఒక ముసల్ది ఉన్నది వదినా. రోకలి పట్టుకొని రాక్షసుల్ని దంచుతది. సూస్తుంటే నాకు నువ్వే యాదికొచ్చినవ్."

"ముసల్ది యుద్ధం జేస్తదా?"

"జేస్తది. పిలగాండ్లు, కొడుకు, కోడలు, అందరు కలిసే జేస్తరు. ఇంటిల్లిపాది. కని సినిమా బాగలేదు, మస్తు తప్పులున్నయి. అయినా నవ్వి నవ్వి సచ్చినం అనుకో."

బాగలేదట, నవ్వి నవ్వి చచ్చారట. ఈ రెండూ ఎలా కుదురుతాయో దుర్గమ్మకు అర్థం కాలేదు. అర్థం కాకపోవడం వల్లేనేమో ఆ మాట మనసులో పడిపోయింది. కూర తరుగుతున్నా, పిల్లాడికి స్నానం చేయిస్తున్నా, రోకలి పట్టుకున్న ఆ ముసలమ్మ ఎలా ఉంటుందా అని ఆలోచన. చివరికి కొడుకునే అడిగింది. కైలాసం నవ్వాడు.

"గింత మాటకు ఇన్ని దినాలు ఊకున్నవా అమ్మా? ఆదివారం అందరం పోదాం. అంజయ్యను నా బదులు ఉండమంటా."

అంజయ్య బాయిలర్ దగ్గర రెండో మనిషి. తీరా ఆదివారం పొద్దున అంజయ్యకు జ్వరమని కబురొచ్చింది. కైలాసం రోజంతా ఉండక తప్పలేదు. ఆ సాయంత్రం నాలుగు గంటల ఆటతో సినిమా వెళ్ళిపోతుందని, మర్నాటి నుంచి వేరే ఆట అని హాలువాళ్ళు రిక్షాకు మైకు కట్టి చెప్పుకుంటూ పోయారు.

"మల్లెప్పుడన్న పోదాంతీ అత్తా," అంది శ్యామల. ఆమె నెమ్మదిగా, ఎప్పుడూ ఏదో పని చేస్తూనే మాట్లాడుతుంది. "ఆయన పొద్దు గూకంగనే బువ్వకొస్తడు గదా. ఇంటికి తాళం ఏసి మనం సినిమా సూస్తుంటే బాగుంటదా?"

నిజమే. రోజూ చీకటి పడేవేళ కైలాసం, పొయ్యి దగ్గర అంజయ్యనో ఎవరో ఒక కూలీనో ఉంచి, ఇంటికొచ్చేవాడు. కాళ్ళు కడుక్కుని, తిని, పిల్లాడితో కాసేపు ఆడి, మళ్ళీ పోయేవాడు. అరగంటో, ఇంకాస్త ఎక్కువో. దుర్గమ్మకు అదంతా తెలుసు. అయినా మనసు ఒప్పుకోలేదు.

"సద్ది గట్టు. నేనే ఇచ్చొస్తా. ఒక్క దినం గాడనే తింటే ఏమైతది?"

శ్యామల లేచింది. గిన్నెలో అన్నం, మీద పప్పు, పచ్చడి పెట్టి గుడ్డ కట్టింది.

దుర్గమ్మ వెళ్ళేసరికి కైలాసం పొయ్యి ముందు చెమటలో తడిసి ఉన్నాడు. గిన్నె అందుకుని పక్కన దిమ్మె మీద పెట్టాడు. బాయిలర్‌కు ముందువైపు గడియారం లాంటి గుండ్రటి అద్దం ఉంది. దానివైపు చెయ్యి చూపించాడు.

"గా ముల్లు సూడు. నిన్నటి సంది గాడనే నిలబడ్డది. ఆవిరి పెరిగినా గంతే, తగ్గినా గంతే. లోపల ఎంతున్నదో తెలుస్తలేదు. మేస్త్రికి చెప్పిన. సీజన్ అయిపోనీ, అప్పుడు సూద్దామన్నడు."

దుర్గమ్మ ఆ ముల్లు వైపు చూసింది గాని, చెవులు మాత్రం హాలు వైపే ఉన్నాయి. ఆట మొదలయ్యే ముందు హాలు కప్పు మీది మైకులో పాటల రికార్డు వేస్తారు. రికార్డు ఆగిందంటే బొమ్మ పడ్డట్టే. పాట ఇంకా వినిపిస్తోంది.

"నీకు తెల్వనిదేముంది బిడ్డా, జర సూస్కో," అంది.

"నువ్వు పో. బొమ్మ పడ్తది. ముసల్ది ఎట్ల కొట్టిందో నాకు మల్ల చెప్పాలె."

ఆమె గబగబా వచ్చేసింది. కొడుకుతో అవే ఆఖరి మాటలు.

హాల్లో నేల మీద ఆడవాళ్ళ వైపు చోటు దొరికింది. మగవాళ్ళకీ వీళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. దుర్గమ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఒకవైపు ఆండాలు, ఇంకోవైపు పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని శ్యామల. దీపాలు ఆరిపోయి తెర వెలగగానే దుర్గమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

కథ పెద్దదేం కాదు. ఒక మాంత్రికుడు రాజుగారి నీడను దొంగిలిస్తాడు. నీడ లేనివాడు రాజ్యం ఏలకూడదని మంత్రి రాజును వెళ్ళగొడతాడు. రాజు, రాణి, వాళ్ళ ఇద్దరు పిల్లలు, రాజుగారి తల్లి కట్టుబట్టలతో బయటపడి, పోయిన నీడను వెతుక్కుంటూ అడవులు పట్టిపోతారు. రాజు విల్లు మోస్తే తల్లి రోకలి మోస్తుంది. కోట విడిచి వచ్చేటప్పుడు నగలు వద్దని అదొక్కటే తెచ్చుకుంటుంది.

అంతవరకూ దుర్గమ్మ గుడ్లప్పగించి చూసింది. రాజు కొండ మీద నిలబడి "నా నీడ ఏది" అని ఏడుస్తున్నాడు. హాలంతా నిశ్శబ్దంగా ఉంది. ఆండాలు నాయనమ్మ చెవి దగ్గరికి వంగింది. రహస్యంగా అన్నాననుకుంది గాని అందరికీ వినిపించింది.

"నాయనమ్మా, నీడ ఆయన ఎనకనే ఉన్నది గదా. గోడ మీద."

నిజమే. కొండ అని కట్టిన గుడ్డ మీద రాజుగారి నీడ నిలువెత్తున పడి ఉంది. ఆయన చెయ్యెత్తితే అదీ ఎత్తుతోంది. ముందు వరసలో ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో "ఎనక్కి తిరిగి సూడవయ్యా రాజా" అని అరిచారు. హాలు గొల్లుమంది. అక్కడి నుంచి రాజు నీడ కోసం ఏడ్చినప్పుడల్లా జనం దాన్ని వెతికి చూపించడం మొదలుపెట్టారు. చెట్టు మీద, నీళ్ళలో, ఒకసారైతే మాంత్రికుడి పొట్ట మీదే.

ఎల్లమ్మ చెప్పినదేమిటో దుర్గమ్మకు అప్పుడు తెలిసింది. తప్పులు కనబడుతున్నకొద్దీ ఆ మనుషుల మీద ఆమెకు ప్రేమ పెరిగింది. వాళ్ళు ఎగిరే నులకమంచం మీద కూర్చుని ఆకాశంలో పోతుంటే మంచం నాలుగు కోళ్ళకూ కట్టిన తాళ్ళు స్పష్టంగా కనిపించాయి. మబ్బుల మధ్య మంచం ఒకపక్కకు ఒరిగింది. రాణి నిజంగానే భయపడి పట్టె పట్టుకుంది. అది నటన కాదని దుర్గమ్మకు తెలిసిపోయింది. మాంత్రికుడి గడ్డం సగం ఊడి గాలికి ఊగుతుంటే, ఆ మహానుభావుడు దాన్ని అదిమి పట్టుకునే శాపాలు పెట్టాడు. చచ్చి పడిపోయిన భటుడు, మూతి మీద పెద్ద పుట్టుమచ్చవాడు, కాసేపటికి మళ్ళీ కత్తి పట్టుకొచ్చి మళ్ళీ చచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు జనం వాడికి దండం పెట్టారు.

అన్నిటికన్నా ముసలమ్మ. పళ్ళు లేవు, నడుము వంగింది. రాక్షసుడు ఎదురుగా వచ్చి నిలబడితే చీర కుచ్చెళ్ళు దోపుకుని, అరచేతుల్లో ఉమ్మేసుకుని రోకలెత్తింది. ఆ ఎత్తడం మాత్రం అబద్ధం కాదు. ఆమె ఎక్కడో వడ్లు దంచి వచ్చిన మనిషే. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, బరువును భుజాల మీద కాకుండా నడుము మీద వేసుకుంది. దుర్గమ్మ భుజాలు వాటంతటవే ఆమెతోపాటు లేచాయి. దెబ్బ పడ్డప్పుడల్లా "హుఁ" అని నోట్లోంచి వచ్చింది. శ్యామల కిసుక్కుమంది.

"మెల్లగ అత్తా, నన్ను దంచేటట్టున్నవ్."

కాపురానికొచ్చి పదేళ్ళవుతున్నా కోడలు అలా నవ్వడం దుర్గమ్మ ఎప్పుడూ చూడలేదు. పళ్ళన్నీ కనబడేలా, తల వెనక్కి వేసి, పిల్లాడు ఒళ్ళోంచి జారిపోతున్నా పట్టించుకోకుండా. విరామంలో వేయించిన పల్లీలు కొనుక్కున్నారు. ఆండాలు పుట్టుమచ్చవాడు ఎన్నిసార్లు చస్తాడో పందెం వేసింది. ఈ సుఖం ఇంతకాలం ఎక్కడుందో అని దుర్గమ్మకు ఆశ్చర్యంగా ఉంది. కొడుకు కూడా ఉంటే బాగుండేదని ఒకసారి అనిపించింది. ఇంటికి పోయాక అంతా చేసి చూపించాలనుకుంది.

విరామం తర్వాత, బయట పొద్దు గూకే వేళకు, పెద్ద యుద్ధం. ఇటు విల్లులూ కత్తులూ, అటు మంత్రిగారి కోట మీద ఫిరంగులు. ఆ కాలంలో ఫిరంగులు ఎక్కడివని ఎవరూ అడగలేదు. ముసలమ్మ రోకలి భుజాన వేసుకుని ఫిరంగులకు ఎదురు నడుస్తోంది. ఒకటి పేలింది. రెండోది పేలింది. దాని వెంటే ఇంకో పేలుడు, అటువంటిది ఎవరూ ఎన్నడూ విననిది. పైన రేకులు దడదడలాడాయి. గోడల్లోంచి మట్టి రాలింది. కూర్చున్న నేల అదిరింది. సైదులు ఉలిక్కిపడి లేచి ఏడుపందుకున్నాడు.

హాలంతా ఈలలు. దుర్గమ్మ రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టింది. "సప్పుడంటే గిట్లుండాలె," అంది.

తెర మీద పొగలోంచి ముసలమ్మ బయటికొచ్చింది, ఏమీ కాకుండా. జనం ఇంకా అరుస్తున్నారు. అంతలో కరెంటు పోయింది. చీకట్లో కాసేపు ఈలలు, కేకలు, హాలువాణ్ణి తిట్లు. అవి కొంచెం తగ్గాక బయటి గోల వినిపించింది. ఎవరో తలుపు దగ్గరి గుడ్డ పక్కకు లాగి అరిచాడు.

"మిల్లుల బాయిలర్ పేలింది. మనుషులున్నరు లోపల."

శ్యామల అప్పటికే లేచి నిలబడింది. పిల్లాణ్ణి అత్త ఒళ్ళో పడేసి, జనాన్ని తోసుకుంటూ పరుగెత్తింది. దుర్గమ్మ మాత్రం వెంటనే లేవలేకపోయింది. చేతులు ఇంకా మంటగానే ఉన్నాయి.

కైలాసాన్ని ఊక కుప్ప పక్క నుంచి తీశారు. మొహం చూపించలేదు, చూడొద్దన్నారు. బాయిలర్ పైకప్పు చీల్చుకుని అవతలి గడ్డివామి మీద పడిందట. అతనితోపాటు బస్తాలు మోసే మనిషి ఒకడు పోయాడు. దుర్గమ్మ కనబడిన వాళ్ళనల్లా ఒకటే అడిగింది, "బువ్వ తిన్నడా?" అని. ఎవరికీ తెలియదు. కొంతమంది ఆమెకు మతి చలించిందనుకున్నారు.

దహనం నిడమనూరులో జరిగింది. ఇల్లంతా చుట్టాలు. దుర్గమ్మ మరిది పెద్దులు అన్నీ దగ్గరుండి చేయించాడు. చేయిస్తూనే, వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పాడు.

"దినాం పొద్దు గూకంగనే ఇంటికొచ్చి తినేటోడు. ఆ దినం ఇంటికి తాళం. పెండ్లాం సినిమాకు పోయింది. ఇంట్ల మనిషుంటే వచ్చేటోడు, వస్తే బతుకుతుండె. మొగడు గాడ కాలుతుంటే ఈమె గీడ సప్పట్లు కొట్టింది."

ఆ మాట మనిషి నుంచి మనిషికి పాకింది. కర్మ రోజున పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు శ్యామలను పట్టుకుని ఏడ్చేవాళ్ళు గాని, లేచి పోయేటప్పుడు మూతి తిప్పుకునేవాళ్ళు. శ్యామల గోడకు ఆనుకుని కూర్చుంది. 

దుర్గమ్మ అందరి మధ్యా లేచి నిలబడింది.

"తీస్కపోయింది నేను. ఆమె వద్దన్నది. సద్ది కట్టించి నేనే బాయిలర్ కాడ ఇచ్చొచ్చిన. సప్పట్లు గొట్టింది గూడ నేనే."

 పెద్దులు భార్య వచ్చి ఆమె భుజాలు పట్టుకుని కూర్చోబెట్టింది.

"నువ్వు గట్లనే అంటవక్కా. నీ మనసు నాకు తెల్వదా? కోడల్ని ఎనకేసుకొస్తున్నవ్. గంత మంచితనం పనికిరాదు."

"మంచితనం గాదే. నిజం చెప్తున్న."

"సరే, పండుకో. రెండు దినాల సంది తిండి లేదు నీకు."

దుర్గమ్మ మళ్ళీ చెప్పింది. ఇంకొకరికీ చెప్పింది. వినేవాళ్ళు తలూపి, కళ్ళు తుడుచుకుని, శ్యామల వైపు ఇంకా కోపంగా చూశారు. కొడుకు పోయిన తల్లిని నిందించడానికి ఎవరికీ నోరు రాదు. నింద మాత్రం ఎక్కడో ఒకచోట వాలాలి. భర్త పోయిన ఆడది అందుబాటులో కూర్చుని ఉంది.

మిల్లు గుమాస్తా కూడా వచ్చాడు. సావుకారు చాలా బాధపడుతున్నారని చెప్పాడు. "ఇంటికి పోయే యాళలో గాడనే ఉన్నడు. ఏం జేస్తం, రాత అట్లున్నది," అన్నాడు.

"ముల్లు కదుల్తలేదని చెప్పిండు నా కొడుకు," అంది దుర్గమ్మ. "మేస్త్రికి చెప్తే సీజన్ అయిపోనీ అన్నడంట."

గుమాస్తా మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. "అవన్ని మిషిన్ సంగతులమ్మా. మనకేం తెలుస్తయి." పక్కనే అంజయ్య ఉన్నాడు, జ్వరం తగ్గి, సగమైన ఒంటితో. దుర్గమ్మ అతని వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. అతనికీ పిల్లలున్నారు, అదే మిల్లులో పని ఉంది. మిల్లు మాట ఎత్తడం కంటే సినిమా మాట ఎత్తడం అందరికీ తేలికగా ఉందని దుర్గమ్మకు ఆ రోజు అర్థమైంది.

కర్మ అయ్యాక అత్తాకోడళ్ళు పిల్లల్ని తీసుకుని మళ్ళీ మిర్యాలగూడ గదికే వచ్చారు. ఇంకెక్కడికి పోవాలో తెలియలేదు. శ్యామల ఎల్లమ్మతోపాటు వడ్లు ఆరబోసే పనికి కుదిరింది. అదే మిల్లు. కొత్త బాయిలర్ వచ్చింది. పొద్దున పోయి పొద్దుగూకాక వచ్చేది. వచ్చి వండేది, పిల్లలకు పెట్టేది, అత్తకు పెట్టేది. సినిమా మాట గాని, సద్ది మాట గాని ఎప్పుడూ ఎత్తలేదు. తిడితే బాగుండునని దుర్గమ్మ ఎదురుచూసింది. తిట్టలేదు. ఆఖరికి ఒక సాయంత్రం తనే ఉండబట్టలేకపోయింది.

"శ్యామలా, నన్ను ఒక్క మాటన్న అనరాదా? లోపల పెట్టుకొని సస్తవెందుకు?"

శ్యామల చేటలో బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగలేదు.

"ఏమని అనాలె అత్తా? నేను గూడ నవ్విన గదా."

అంతే అంది. దుర్గమ్మ ఆ రోజు అన్నం తినలేదు. అప్పటిదాకా తన తప్పు తన ఒక్కదానిదే అనుకుంది. కోడలు కూడా అంతే బరువు మోస్తోందని, అది సినిమాకు పోయినందుకు కాదని, అక్కడ సుఖపడినందుకని అప్పుడు తెలిసింది. దానికి ఏ ఓదార్పూ దుర్గమ్మకు తోచలేదు.

ఎండలు ముదిరాక పెద్దులు మిర్యాలగూడ వచ్చాడు. గడప దాటకుండానే సంగతి చెప్పాడు. ఆండాలును నిడమనూరు తీసుకుపోతానన్నాడు. తన ఇంట్లో పెరుగుతుంది, పని పాట నేర్చుకుంటుంది, తనే పెళ్ళి చేస్తాడు.

"తల్లి కాడుంటే ఏం నేర్సుకుంటది వదినా? సినిమాలా? ఆదివారం వచ్చి తీస్కపోతా. బట్టలు సర్దుండ్రి."

శ్యామల దండెం మీది పిల్ల బట్టల వైపు చూసింది. దుర్గమ్మ కాదనలేకపోయింది. ఇద్దరాడవాళ్ళు, ఒక్క కూలి, నలుగురి కడుపులు. పైగా కాదంటే ఏమంటారో తెలుసు. ఆదివారం నాటికి పిల్ల బట్టలు చిన్న మూటయ్యాయి.

ఆ పొద్దున శ్యామలకు పని లేదు. గుమ్మం దగ్గర కూర్చుని, గోడ వైపు తిరిగి, పప్పు చెరుగుతోంది. దుర్గమ్మ మనవరాలిని కూర్చోబెట్టుకుని తలకు నూనె పెట్టి జడ వేస్తోంది. పిల్ల ఉన్నట్టుండి అడిగింది.

"నాయనమ్మా, రాజుకు నీడ దొరికిందా?"

దుర్గమ్మ చేతులు ఆగిపోయాయి. కోడలి వీపు వైపు చూసింది. అది కదల్లేదు.

"ఏమో బిడ్డా. మనం సూడలే గదా."

"సూసిన కాడికి చెప్పు. నేను తాత వాళ్ళింటికి పోతున్న. గాడ ఎవ్వరు చెప్పరు."

చెప్పకూడదని దుర్గమ్మకు అనిపించింది. ఆ సినిమాను తను మళ్ళీ నోటితో పలకడం ఎలా? కాని పిల్ల మెడ తిప్పి చూస్తోంది. వెళ్ళిపోయే పిల్ల. గొంతు సవరించుకుని, నెమ్మదిగా మొదలుపెట్టింది. రాజు, మాంత్రికుడు, పోయిన నీడ. మొదట మాటలు బరువుగా, రాయి లాగినట్టు వచ్చాయి. ఎగిరే మంచం దగ్గరికి వచ్చేసరికి ఆమెకు తెలియకుండానే చెయ్యి గాలిలోకి లేచింది. మంచం ఒరిగినట్టు పక్కకు ఒరిగింది. పిల్ల కిలకిలలాడింది. మాంత్రికుడి దగ్గర తన కొంగునే గడ్డంగా పెట్టుకుంది.

"కుడిపక్క గడ్డం ఊడి ఎలాడుతున్నది. గీ చేత్తోని గిట్ల పట్టుకొని, నువ్వు రాయివై పోవాలె అని శాపం పెడ్తున్నడు..."

"ఎడమపక్క," అంది శ్యామల.

గోడ వైపే తిరిగి ఉంది. చేట ఆగింది.

"ఊడింది ఎడమపక్క అత్తా. కుడిపక్క అయితే కత్తి చేయి గదా. ఎట్ల పట్టుకుంటడు?"

దుర్గమ్మ కొంగు చేతులు మార్చుకుంది. కుడి చేత్తో లేని కత్తి తిప్పుతూ, ఎడమ చేత్తో గడ్డం అదుముకుంటూ మళ్ళీ శాపం పెట్టింది. ముందు ఆండాలు నవ్వింది. తర్వాత శ్యామల వీపు కదిలింది. ఏడుస్తోందేమో అనుకుంది దుర్గమ్మ. తిరిగినప్పుడు చూస్తే నవ్వుతోంది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. "పుట్టుమచ్చోడు," అంది, అంతకు మించి మాట రాలేదు. దుర్గమ్మ నేల మీద చతికిలబడి కడుపు పట్టుకుంది. సైదులు ఏమీ అర్థం కాక, అందరూ నవ్వుతున్నారని తనూ ఎగిరాడు.

గుమ్మంలో నీడ పడింది. పెద్దులు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో తెలియదు.

"ఇంట్ల నుంచి పీనుగ పోయి నాలుగు నెలలన్న గాలె," అన్నాడు. గొంతు పెంచలేదు. "మంది చెప్తే నమ్మాల్నా వద్దా అని ఇంకా అనుకుంటున్న. నా కండ్లతోని సూసిన ఇగ."

శ్యామల కొంగు లాక్కుని గోడ వైపు జరిగిపోయింది. మొహంలో నవ్వంతా ఒక్కసారిగా చచ్చిపోయింది. అది చూసి దుర్గమ్మ లేచి నిలబడింది. మరిది ముందు ఆమె ఎప్పుడూ తల పైకెత్తి మాట్లాడలేదు.

"నవ్వినం పెద్దులు. నా కొడుకు యాదికి లేక గాదు. గా దినం నలుగుట్ల చెప్పిన, నీకు చెవికెక్కలే. ఇప్పుడు మల్ల చెప్తున్న. తీస్కపోయింది నేను, నవ్విచ్చింది నేను. కూసో, నీళ్ళు తాగు. పిల్ల మాత్రం యాడికి రాదు."

"ఎట్ల సాకుతవ్?"

"తెల్వదు."

అతను మూట వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. నీళ్ళు తాగలేదు. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. దుర్గమ్మ అతను మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చి, మూట విప్పి, బట్టలు ఒక్కొక్కటే దండెం మీద వేసింది.  శ్యామల చేట ముందుకు లాక్కుంది. ఆ రోజు మళ్ళీ ఎవరూ నవ్వలేదు.

జూన్‌లో ఆండాలు బడి మానేసింది. తల్లితోపాటు వడ్లు ఆరబోయడానికి పోయింది. దుర్గమ్మ మిల్లువాళ్ళను బతిమాలి నూక చెరిగే పని తెచ్చుకుంది. నిడమనూరులో వాళ్ళ మాట ఎత్తితే జనం అత్తాకోడళ్ళిద్దరినీ కలిపే తిట్టేవాళ్ళట. ఎల్లమ్మ ద్వారా ఆ సంగతి తెలిసినప్పుడు దుర్గమ్మ, ఇప్పటికైనా తనను కలిపారు అనుకుంది.

ఏడాది తిరిగాక కైలాసం సంవత్సరీకం చేశారు. నిడమనూరు చుట్టాలందరికీ కబురు పంపారు. శ్యామల తెల్లవారకముందే లేచి పది మందికి సరిపడా వండింది. మధ్యాహ్నం దాకా చూశారు. ఎవరూ రాలేదు. ఎల్లమ్మ, అంజయ్య, అంజయ్య భార్య వచ్చి తిన్నారు. వాళ్ళు వెళ్ళాక మిగిలిన అన్నాన్ని రెండు గిన్నెల్లోకి తీసి, గల్లీలో ఇంటింటికీ ఇచ్చి రమ్మని శ్యామల ఆండాలును పంపింది. దుర్గమ్మ పెద్ద గుండిగ బయటికి తెచ్చి, బూడిద వేసి, అడుగున మాడిన మెతుకుల్ని గోకడానికి కూర్చుంది.